గొడవలున్న దేశానికి పనికెళ్తున్నారా? బయల్దేరేముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

కోనసీమలో గానీ, ఏటి అవతల నరసాపురం, పాలకొల్లు వైపు గానీ, గల్ఫులో ఒక మనిషైనా లేని వీధి దొరకడం కష్టం. కువైట్, మస్కట్, దుబాయ్ అంటే ఎవరికీ గుండె జారదు. చిక్కంతా ఆ చుట్టుపక్కల దేశాలతోనే. ఇరాక్‌లో ఎర్బిల్, బస్రా, ఇంకా లిబియా, ఇజ్రాయెల్, లెబనాన్. అక్కడ జీతం నాలుగు రాళ్లు ఎక్కువ, ఏజెంటుకి తొందర ఇంకా ఎక్కువ. "అక్కడేం లేదండీ, అంతా టీవీ వాళ్ల గోల" అంటాడు. ఇంట్లో అప్పుంటే ఆ మాట నిజమే అనిపిస్తుంది.

వెళ్లొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. వెళ్లేవాళ్లు ఎలాగూ వెళ్తారు. అక్కడ క్షేమంగా ఉండటమన్నది సగం ఇక్కడే, విమానం ఎక్కకముందు, ఇంటి అరుగు మీదే తేలిపోతుందని నా గట్టి నమ్మకం. కాగితాలు ఎవరి చేతిలో ఉన్నాయి, తిరుగు టిక్కెట్టు డబ్బు ఎక్కడుంది, మీరున్న చోటు ఇంట్లో ఎవరికి తెలుసు అన్నవే ముందు చూడాలి. ధైర్యం సంగతి ఆ తర్వాత.

కదిలే వేళ

తుపాను లెక్క మనకి తెలుసు. గాలి లేవకముందైతే లంక వదిలి గట్టుకి వచ్చేయాలి. లేచాక ఉన్న డాబాలోనే తలుపులు బిగించుకుని కూర్చోవాలి. గాలి హోరెత్తాక మూట నెత్తినపెట్టుకుని బయల్దేరినవాడికే ప్రాణం మీదికొస్తుంది. యుద్ధానికీ ఇదే లెక్క. మామూలు విమానాలు తిరుగుతున్నన్నాళ్లూ వచ్చేయడం తేలిక. కాల్పులు మొదలయ్యాక మాత్రం, దారి ఖాయమని తెలిసేదాకా ఉన్నచోటే ఉండిపోవడం మేలు.

ఉక్రెయిన్‌లో 2022 ఫిబ్రవరి 15న మన రాయబార కార్యాలయం, తప్పనిసరి పని లేనివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, కొన్నాళ్లు దేశం వదిలి వెళ్లడం మంచిదని చెప్పింది. 24న గగనతలం మూసేశారు. అంటే చేతిలో ఉన్నది 9 రోజులు. యెమెన్‌లో 2015 మార్చి 26న బాంబులు పడకముందే హెచ్చరికలు వచ్చాయి. ఆగిపోయినవాళ్లలో 4,600 మందికి పైగా భారతీయుల్ని ఏడెన్ వంటి రేవుల నుంచి ఓడల్లో, సనా నుంచి విమానాల్లో తేవాల్సి వచ్చింది. సూడాన్ ఆ వ్యవధి కూడా ఇవ్వలేదు. 2023 ఏప్రిల్ 15న పోరు మొదలైంది, ఆ రోజే ఖార్టూమ్ విమానాశ్రయం మూతపడింది. అలాంటిచోట మిగిలేది రెండో దారే, ఉన్నచోటే ఉండిపోవడం. దాని సంగతి కింద రాశాను.

బయల్దేరేముందే ఇంట్లో కూర్చుని, ఏమేం జరిగితే వచ్చేయాలో ఒక కాగితం మీద రాసుకోండి. రాయబార కార్యాలయం "జాగ్రత్తగా ఉండండి" అన్నమాట నుంచి "వెళ్లిపోండి" అన్నమాటకి రావడం. రెండు విమాన సంస్థలు సర్వీసులు ఆపేయడం. బ్యాంకులో రోజుకింతే తీసుకోవాలని కట్టడి పెట్టడం. బడులకి ఉన్నట్టుండి సెలవులు. కంపెనీలో విదేశీ మేనేజర్లు పెళ్లాంపిల్లల్ని పంపేయడం. వీటిలో ఏ రెండు కనబడినా టిక్కెట్టు కొనేయాలి, ఇంక చర్చ లేదు. ఆఖరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. మేనేజరు ఇంట్లో సూట్‌కేసులు సర్దుతున్న సంగతి ఆ ఇంటి వంటమనిషికీ డ్రైవరుకీ ముందు తెలుస్తుంది, ప్రభుత్వ ప్రకటన ఆ తర్వాత వస్తుంది. మనవాళ్లు చేసే పనులు ఎక్కువగా అవే కదా.

అయినా మనవాళ్లు ఎందుకు కదలరంటే, రెండు నెలల జీతం రావాల్సి ఉంటుంది, ఇక్కడ నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ నడుస్తుంటుంది. అందుకే తిరుగు టిక్కెట్టు డబ్బు జీతంలోంచి తీద్దామనుకోకూడదు. వెళ్లేటప్పుడే 600 డాలర్ల దాకా విడిగా పెట్టుకోండి. అందులో 100 నోట్లు నాలుగు, మిగతావి 20లు, 10లు. మధ్యలో నీలం పట్టీ ఉన్న కొత్తరకం 100 నోట్లే అడిగి తీసుకోండి. పాత నోటు, సిరా గీత పడ్డ నోటు, అంచు చిరిగిన నోటు అక్కడ డబ్బు మార్చే సరాఫులు వద్దంటారు, లేదంటే తగ్గించి తీసుకుంటారు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ప్రయాణికుడు మామూలుగా 3,000 డాలర్ల దాకా నోట్ల రూపంలో పట్టుకెళ్లొచ్చు, ఇరాక్, లిబియాలకైతే 5,000. ఈ డబ్బంతా ఒకేచోట ఉంచొద్దు. జేబులో ఒక పాత పర్సు, అందులో 20, 30 డాలర్లు, పనికిరాని ఒక కార్డు ఉంచుకోండి. కత్తి చూపించినవాడికి ఇచ్చేది అదే.

కాగితాలు

ఏజెంటు సంగతి ముందు. మన ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టరైన ఏజెంటు పేరు, లైసెన్సు గడువు ఎవరైనా చూసుకోవచ్చు. అతను పుచ్చుకోవాల్సిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. రెండు లక్షలు, మూడు లక్షలు అడిగాడంటే లైసెన్సు లేనట్టే లెక్కేసుకోండి. పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర ఉంటుంది. ఇరాక్, లిబియా, లెబనాన్, కువైట్, సౌదీ కలుపుకుని 18 దేశాలకి పనికెళ్లాలంటే వాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాలి. ఇంటి పనికెళ్లే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండాలి.

ఇవన్నీ తప్పించడానికి కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద దుబాయ్‌కో మస్కట్‌కో దింపి, అక్కడినుంచి వేరే దేశానికి తోసేస్తారు. అలా వెళ్లినవాళ్ల పేరు మన ప్రభుత్వ లెక్కల్లో ఎక్కడా ఉండదు. క్లియరెన్సుతో వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరిగా చేయిస్తారు. రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు. దొడ్డిదారిన వెళితే ఆ రక్షణ కూడా పోతుంది. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి యుద్ధం వర్తించదు, కొనేముందు మినహాయింపుల పేజీ చదివించుకోండి.

ఒప్పందం మీకు రాని భాషలో ఉంటే సంతకం పెట్టొద్దు. హెల్పర్ పని అని రష్యా తీసుకెళ్లి, చదవలేని కాగితం మీద సంతకం చేయించుకుని, సైన్యంతో పాటు యుద్ధరంగానికి పంపిన కేసులు 2024లో సీబీఐ దాకా వెళ్లాయి. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమని పిలిచి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మ్యావడీలో సైబర్ మోసాల డెన్‌లలో పడేయడం కూడా ఆ బాపతే. అందులో ఇరుక్కున్నవాళ్లలో ఆంధ్ర కుర్రాళ్లు తక్కువేం కాదు. యెమెన్ పేరెత్తితే ఆలోచించే పనే లేదు. 2017 నుంచి మన ప్రభుత్వం ఆ దేశానికి ప్రయాణాన్నే నిషేధించింది.

దిగ్గానే పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసాకి పూచీపడ్డ యజమాని, తీసుకుంటాడు. చట్టం ఒప్పుకోదు, అయినా జరుగుతుంది. కాబట్టి నకళ్లు. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) రెండువైపులా, ఒప్పందం. ఒక జత మీ దగ్గర ప్లాస్టిక్ కవర్లో, ఒకటి ఇంట్లో, ఇంకొకటి ఫొటోలు తీసి ఈమెయిల్లో. ఆరు పాస్‌పోర్టు సైజు ఫొటోలు కూడా. పాస్‌పోర్టు పోయినా, కఫీల్ ఇవ్వకపోయినా రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. అది ఇంటికి ఒకసారి రావడానికే పనికొస్తుంది. దానికి మీరు భారతీయులని రుజువు కావాలి. నకలు ఉన్నవాడి పని త్వరగా అవుతుంది, లేనివాడి వివరాలు ఊళ్లో పోలీసుల ద్వారా రావాలి.

అకామా గడువు దాటనివ్వకండి. ఖల్లివల్లి అయిపోయి, అంటే కఫీల్‌ని వదిలేసి, బయట పని చేసుకుంటే మామూలు రోజుల్లో నాలుగు దినార్లు ఎక్కువే వస్తాయి. దేశం వదలాల్సిన రోజున మాత్రం జరిమానా, ఎగ్జిట్ అనుమతి, వేలిముద్రలు అంటూ అందరికన్నా వెనక నిలబడేది వాళ్లే. ఇరాక్ వెళ్లేవాళ్లకి ఇంకో తిరకాసుంది. ఎర్బిల్ ఉన్న కుర్దిస్తాన్ ప్రాంతం ఇచ్చే వీసా బాగ్దాద్‌లో చెల్లదు. 2017 సెప్టెంబరు చివర్న బాగ్దాద్ ప్రభుత్వం ఎర్బిల్, సులైమానియా విమానాశ్రయాలకి అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. మళ్లీ 2018 మార్చిలో గానీ వదల్లేదు. దేశమంతటికీ చెల్లే వీసా ఉన్నవాడే అలాంటప్పుడు దారి మార్చుకోగలడు.

పెట్టె సర్దేటప్పుడు ఒక మాట. మసాలా పొడిలో గసగసాలు కలపనివ్వకండి. సౌదీ, ఎమిరేట్స్, ఖతార్‌లలో అవి మాదకద్రవ్యాల కింద లెక్క. ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులూ అంతే. యుద్ధం దాకా ఎందుకు, విమానాశ్రయంలోనే కథ అయిపోతుంది. మిగతా మందులు డాక్టరు చీటీతో, వాటి డబ్బాలతో సహా నెల రోజులకి సరిపడా పెట్టుకోండి.

ఇంట్లో ఒక మనిషి

ఇల్లంతా ఫోన్లు చేస్తే ఏ పనీ కాదు. ఒకళ్లని పెట్టుకోవాలి. తమ్ముడో, బావగారో, ఇంటర్ చదివిన మేనకోడలో, ఎవరైతే కంగారుపడకుండా రాసుకుంటారో వాళ్లు. వాళ్ల దగ్గరొక నోటుపుస్తకం. అందులో కాగితాల నకళ్లు, కఫీల్ పేరు, ఫోను, కంపెనీ పేరు, అక్కడే పనిచేసే ఇద్దరి నంబర్లు, ఆ దేశంలో మన రాయబార కార్యాలయం నంబర్లు, మీ రక్తం గ్రూపు, ఒంటిమీద పుట్టుమచ్చలు.

చిరునామా దగ్గరే మనవాళ్లు పప్పులో కాలేస్తారు. కువైట్‌లో ఎక్కడమ్మా అంటే "సాల్మియా అండీ" అంటారు. సాల్మియాలో లక్షల మంది ఉంటారు. ఏరియా, బ్లాకు, వీధి, ఇంటి నంబరు కావాలి. కువైట్‌లో భవనాల గోడకి ప్రభుత్వం వేసిన నంబరు పలక కూడా ఉంటుంది, దాన్ని ఫొటో తీసి పంపాలి. ఏ దేశమైనా సరే, దిగిన రాత్రే వాట్సాప్‌లో లొకేషన్ పంపేయండి. ఇల్లు మారితే ఆ రోజే మళ్లీ పంపాలి. రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో భారతీయుల నమోదు ఫారం ఉంటే మొదటి వారంలోనే నింపండి. తరలింపు జాబితాలు వాటినుంచే మొదలవుతాయి.

రోజూ ఒకే వేళకి ఒక మెసేజ్. కువైట్, ఇరాక్‌ల టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక, లిబియా, సూడాన్‌లది మూడున్నర. మనకి రాత్రి 10 అనుకుంటే ఎర్బిల్‌లో ఏడున్నర, ట్రిపోలీలో ఆరున్నర. ఒక రోజు తప్పితే నోటుపుస్తకం మనిషి రెండు గంటలు ఆగి ఫోను చేయాలి. ఎత్తకపోతే పక్క మనిషికి. ఒక పూట గడిచినా ఆచూకీ లేకపోతే కఫీల్‌కి. 24 గంటలు దాటితే రాయబార కార్యాలయానికి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదుకి. ఇంటర్నెట్ కట్టేసినా ఎస్ఎంఎస్ ఒక్కోసారి వెళ్తుంది, కాబట్టి రోమింగ్ ఉన్న మన సిమ్ ఒకటి బతికించుకోండి.

ఒక గుర్తుమాట కూడా కావాలి. పక్కన ఎవరో నిలబడి మాట్లాడిస్తుంటే "నేను కష్టంలో ఉన్నా" అని చెప్పలేరు. మీకు పెద్దమ్మే లేదనుకోండి, "పెద్దమ్మకి ఎలా ఉంది?" అని అడిగితే ఆపదలో ఉన్నట్టు. ఇలాంటిది ఏదైనా సరే, వాడుకలో వచ్చే మాట కాకూడదు, వినేవాడికి వింతగానూ ఉండకూడదు.

ఫోన్ విషయానికొస్తే, సాయుధులు ఆపినచోట మొదట చూసేది గ్యాలరీ. మీరు తీసిన ఫొటోలతోనే తంటా అనుకుంటారు. అసలు తంటా ఊరి గ్రూపుల్లో వచ్చిన ఫార్వర్డులతో. ఏ మతాన్నో వెక్కిరించేవి, ఏ నాయకుడినో తిట్టేవి, ఏదో యుద్ధం వీడియో, అన్నీ మీకు తెలియకుండానే ఫోన్లో దిగిపోతాయి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా కింద మీడియా ఆటో డౌన్‌లోడ్ మూడుచోట్లా ఆపేయండి. చాట్స్ కింద మీడియా విజిబిలిటీ కూడా ఆపితే వచ్చినవి గ్యాలరీలో కనబడవు. క్షిపణి పడ్డచోటు, పోలీసులు, సైనికులు, వంతెనలు, విమానాశ్రయాల వీడియోలు తీయొద్దు, పెట్టొద్దు. ముఖ్యమైన నంబర్లు ఆరేడు కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి, లోపలి జేబులో ఉంచుకోండి. ఛార్జింగ్ అయిపోయిన ఫోన్లో ఎన్ని నంబర్లున్నా ఒకటే.

రోడ్డు మీద

విమానం పగలు దిగేలా చూసుకోండి. తీసుకెళ్లడానికి వచ్చేవాడి పేరు, ఫొటో, బండి నంబరు ముందే తెప్పించుకోవాలి. మీ పేరు అట్టముక్క మీద పట్టుకుని నిలబడ్డంత మాత్రాన నమ్మొద్దు, ఆ అట్ట మీద ఏముందో పక్కవాడికీ కనబడుతుంది. "ఎవరి కోసం వచ్చావ్, ఏ కంపెనీ?" అని మీరే ముందడగండి. మీ పేరు మీరు చెప్పి "నా కోసమేనా?" అంటే ఎవడైనా అవుననే అంటాడు.

చెక్‌పోస్టు దగ్గర ప్రాణాలు పోయేది ఎక్కువగా కంగారు వల్లే. అక్కడి కుర్రాడు తుపాకీ పట్టుకుని రాత్రంతా నిలబడి ఉంటాడు, వచ్చే ప్రతి బండిలోనూ బాంబు ఉండొచ్చని వాడి భయం. కాబట్టి దూరంగా ఉండగానే వేగం తగ్గించాలి. రాత్రయితే హెడ్‌లైట్లు డిమ్ చేసి, లోపలి దీపం వేయాలి. అద్దాలు దించి, నల్లకళ్లద్దాలు తీసి, పాటలు ఆపి, చేతులు స్టీరింగ్ మీదా మోకాళ్ల మీదా కనబడేలా పెట్టాలి. ఫోను చేతిలో ఉండకూడదు. కాగితాలు డ్యాష్‌బోర్డు అరలో ఉంటే, ముందు నోటితో చెప్పి, వాడు తలూపాక, నెమ్మదిగా చేయి పెట్టాలి. వాడు అడగనిది చెప్పకండి, నవ్వించాలని చూడకండి. వెనక సీట్లో ఉన్నవాళ్లు తెలుగులో గుసగుసలాడుకోవడం కూడా మంచిది కాదు. ఒకడు మాట్లాడాలి, మిగతావాళ్లు ఊరుకోవాలి.

ట్యాంకు సగం కన్నా తగ్గనీయొద్దు. ట్రాఫిక్‌లో ఆగితే ముందు బండి వెనక చక్రాలు నేలను తాకేచోటు మీకు కనబడేంత ఎడం ఉంచండి. అంత ఉంటేనే పక్కకి తిప్పుకుని బయటపడగలరు. సైనిక వాహనాల వరస కనబడితే వెనక్కి తగ్గండి, వాటి మధ్యలో దూరడం, దాటడం రెండూ ప్రమాదమే.

యుద్ధం జరిగిన ఇరాక్, సిరియా, లిబియా, యెమెన్‌లలో మందుపాతరలు, పేలని గుండ్లు నేలలో ఇంకా ఉన్నాయి. తారు రోడ్డు దిగొద్దు. మూత్రానికని రోడ్డు పక్క పొదల్లోకి నాలుగడుగులు వేయడం మనకి అలవాటు. అక్కడ బండి చాటున తారు మీదే కానివ్వాలి, సిగ్గుపడితే కాలు పోతుంది. ఎర్ర రంగు వేసిన రాళ్లు, పుర్రె బొమ్మ, ఎవరూ దున్నని మంచి పొలం, మనుషులు లేని బాగున్న ఇల్లు, ఇవన్నీ గుర్తులే. పొరపాటున లోపలికి వెళ్లామని తెలిస్తే ఉన్నచోటే ఆగిపోయి కేకవేయాలి, ఫోను చేయాలి. ఎంతసేపైనా నిలబడే ఉండాలి.

చప్పుడైతే

మన ఊళ్లలో పెద్ద చప్పుడు వినబడితే అందరం వీధిలోకి వస్తాం. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో గ్యాస్ గొట్టం పేలిన కోనసీమలో ఆ చప్పుడు ఏమై ఉంటుందోనని ఆరాటం ఉండటం సహజమే. అక్కడ మాత్రం ఈ అలవాటు మానుకోవాలి. మొదటి పేలుడు వెలుగు చూసి కిటికీ దగ్గరికి వచ్చినవాళ్లకి, కొన్ని సెకన్లలో తగిలే గాలి విసురుకి అద్దం ముక్కలు ముఖంలో దిగుతాయి. బయటికి పరిగెత్తి గుమిగూడినవాళ్ల కోసం రెండో బాంబు పెట్టడం కూడా మామూలే. చప్పుడు వినగానే నేల మీద బోర్లా పడుకుని, నోరు కాస్త తెరిచి, చెవులు మూసుకోండి. తర్వాత పాకుతూ లోపలి గోడ వైపు.

మంచం కిటికీ కింద ఉంటే ఈ రోజే జరిపేయండి. అద్దానికి టేపు అతికిస్తే ఆగుతుందన్నది నమ్మకం మాత్రమే. మందపాటి పరదా దించి ఉంచడం అంతకన్నా నయం, పగలకుండా పట్టుకునే ఫిల్మ్ అయితే ఇంకా నయం. తుపాకీ గుండుకి కారు తలుపు అడ్డు రాదు, ఇంజిన్ ఉన్న భాగం, చక్రం వెనక భాగం కొంత ఆపుతాయి. ఇరాక్‌లో పెళ్లిళ్లకీ, ఫుట్‌బాల్ గెలిచినప్పుడూ గాల్లోకి కాలుస్తారు. పైకి వెళ్లిన గుండు కిందికి రాక మానదు, ఆ వేళ మేడ మీద బట్టలు ఆరేయొద్దు.

ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లని చూసుకునే పనికి వెళ్లినవాళ్లకి అన్నిటికన్నా ముఖ్యమైంది సైరన్ టైము. గాజా దగ్గరి ఊళ్లలో 15 సెకన్లు, టెల్ అవీవ్‌లో 90. 1990ల తర్వాత కట్టిన ఇళ్లలో మమాద్ అని గట్టి కాంక్రీటు గది ఉంటుంది. నడవలేని పెద్దావిణ్ణి మంచం మీంచి లేపి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్లడానికి 15 సెకన్లు ఏ మూలకీ చాలవు. ఇంటివాళ్లతో మాట్లాడి ఆవిడ మంచాన్నే ఆ గదిలో వేయించండి. మమాద్ లేకపోతే భవనం లోపలి మెట్ల దారి, అదీ పై రెండంతస్తులూ, కింద గుమ్మమూ కాకుండా మధ్యలో. లిఫ్టు ఎక్కొద్దు.

రక్తం చిమ్ముతుంటే గుడ్డ కుక్కి బలమంతా పెట్టి నొక్కాలి. చేతికో కాలికో అయి, ఆగకపోతే, గాయానికి నాలుగు వేళ్ల పైన, కీలు మీద పడకుండా, చున్నీ మడతపెట్టి కట్టి, ముడిలో గరిటె కాడ దూర్చి, రక్తం ఆగేదాకా మెలిపెట్టండి. కట్టిన టైము రాయండి. డాక్టరు చూసేదాకా వదులు చేయొద్దు. సన్నటి తాడు, వైరు వాడితే కండ కోసుకుపోతుంది.

లోపలే ఉండిపోతే

ఖార్టూమ్‌లో చిక్కుకున్నవాళ్లని ముందు పీడించింది నీళ్లు, కరెంటు, చేతిలో డబ్బు లేకపోవడం. మనిషికి 14 రోజుల సరుకు ఎప్పుడూ ఉండాలి. ఆ ఎండలకి తాగడానికీ, తిండికీ కలిపి రోజుకి 4 లీటర్ల చొప్పున 56 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. బాత్రూం వాడకానికి బకెట్లన్నీ వేరేగా నింపుకోవాలి.

తిండికి బియ్యం మీద ఆధారపడొద్దు, గ్యాస్ ఉండకపోవచ్చు, అన్నానికి నీళ్లూ ఎక్కువే. అటుకులు మూడున్నర కిలోలు, పుట్నాల పప్పు కిలోన్నర, బెల్లం కిలో, ఖర్జూరం కిలోన్నర. పొయ్యి అక్కర్లేకుండా రెండు వారాలు గడిచిపోతాయి. ఆవకాయ, ఎండు చేపలు మాత్రం పక్కన పెట్టండి. ఉప్పు ఎక్కువైతే దాహం, దాహానికి నీళ్లు. ఇంటినుంచి పంపే అమ్మలకి ఈ మాట నచ్చదు, తెలుసు. విరేచనాలైతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, అదీ గోపురం పోయకుండా.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. 2024లో లెబనాన్ మీద బాంబులు పడుతున్నప్పుడు కొందరు యజమానులు పనివాళ్లని ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్లిపోయారు. బయటి తలుపు తాళంచెవి రెండోది ఎక్కడ పెడతారో, గ్యాస్ ఎక్కడ కట్టాలో, పక్కింట్లో పనిచేసే మనమ్మాయి నంబరేంటో మొదటి నెలలోనే కనుక్కోండి.

ఎవరైనా ఎత్తుకుపోతే

2015 జూలై చివర్న లిబియాలో సిర్తే విశ్వవిద్యాలయ అధ్యాపకులు నలుగురు భారతీయులు ఇంటికి బయల్దేరి దారిలో పట్టుబడ్డారు. ఇద్దరు ఒకట్రెండు రోజుల్లో బయటపడ్డారు, తెలుగువాళ్లిద్దరు 2016 సెప్టెంబరులో గానీ విడుదల కాలేదు. ఆ ఊరు అప్పటికే ఐసిస్ ఉగ్రవాదుల చేతిలో ఉంది. ఊరు చేయి మారాక రోడ్డు ఎక్కడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చూసుకోండి.

పట్టుకున్న మొదటి నిమిషాల్లో ఎదురు తిరగొద్దు, చెప్పింది చేయండి. ముఖాల్లోకి తేరిపార చూడొద్దు. డబ్బున్నవాడినని గానీ, ఎవరో పెద్దమనిషి తెలుసని గానీ చెప్పొద్దు. ఇచ్చిన తిండి తినండి.

ఇంటి దగ్గర పని కష్టం. ఫోను వస్తే నోటుపుస్తకం మనిషే మాట్లాడాలి. టీవీ వాళ్లకి ఫొటోలు, ఏడుపులు ఇస్తే అడిగేవాడి ధర పెరుగుతుంది. అబద్ధపు ఫోన్లు కూడా వస్తాయి, పేరు, ఫొటో ఫేస్‌బుక్‌లో దొరుకుతాయి కదా. అందుకే ముందే ఒక ప్రశ్న అనుకుని ఉండాలి, జవాబు ఎక్కడా రాసి ఉండకూడదు. "పాత పెంకుటింట్లో నూతి పక్కన ఏ చెట్టుండేది?" ఈ జవాబు తెచ్చి ఇచ్చేదాకా రూపాయి గురించి మాట్లాడొద్దు, చేను బేరం పెట్టొద్దు. వచ్చిన ప్రతి ఫోను టైము, నంబరు, అన్న మాటలు రాసి, విదేశాంగ శాఖకీ పోలీసులకీ అదే రోజు అందించాలి.

తరలింపు

బస్సు ఇన్నింటికి, ఫలానా చోటికి అని రాయబార కార్యాలయం నుంచి కబురొచ్చాకే కదలాలి, అదీ ఆ నంబరుకి తిరిగి ఫోను చేసి ఖాయం చేసుకున్నాక. వాట్సాప్‌లో తిరిగే "రేపు ఓడ వస్తోంది" మెసేజ్ నమ్మి రోడ్డెక్కొద్దు. 2023లో ఖార్టూమ్ నుంచి పోర్ట్ సూడాన్‌కి రోడ్డు మీద 800 కిలోమీటర్లకి పైనే, అక్కడినుంచి ఓడలోనో విమానంలోనో జెద్దా. అంత దారికి 7, 8 కిలోల ఒక్క సంచీ చాలు. కాగితాలు, డాలర్లు, పవర్ బ్యాంకు, ఛార్జరు, మూడు లీటర్ల నీళ్లు, ఒక రోజు అటుకులు, మందులు, ఒక జత బట్టలు, దుప్పటి, టార్చి. పెద్ద సూట్‌కేసు వదిలేయాలి, దాని కోసం వెనక్కి వెళ్లొద్దు. కాలికి చెప్పులు వద్దు, బూట్లు.

బయల్దేరేముందు కఫీల్ ఇవ్వాల్సిన జీతం ఎంతో వాట్సాప్‌లో అతనికే మెసేజ్ పెట్టి, జీతం పడ్డ బ్యాంకు పేజీ, ఒప్పందం, హాజరు చీటీల ఫొటోలు తీసుకోండి. ఇక్కడికొచ్చాక మదద్‌లో ఫిర్యాదుకి అవే ఆధారం. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద వచ్చినవాళ్లు దిగిన విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ ముద్ర పడ్డ కాగితాన్ని ఫొటో తీసి దాచుకోవాలి. భీమవరం పాస్‌పోర్టు సేవా కేంద్రంలో కొత్తదానికి దరఖాస్తు పెట్టేటప్పుడు, పాతది ఎలా పోయిందని రాసే పేజీ దగ్గర ఆ ఫొటో పనికొస్తుంది.